పాలు తోడుకోని సీమ

శిఖరవాటి యువరాజు శరభాంకుడు ఆకలికి ఓర్చగలడు, ఎండకు ఓర్చగలడు, కత్తిదెబ్బకూ ఓర్చగలడు. మజ్జిగ లేని భోజనానికి మాత్రం ఓర్చలేడు. ఆ ఒక్క బలహీనతే ఆనాడు అతని మారువేషాన్ని బట్టబయలు చేసింది. చివరికి అక్కరకొచ్చిందీ అదే. అయితే ముందు జరిగింది ముందు చెప్పుకోవాలి.

పొగలాంటి జుట్టు గల ధూమకేశుడనే మాంత్రికుడు ఒకనాడు శిఖరవాటి కొలువుకు వచ్చి, "నన్ను ప్రభువని మొక్కు" అని రాణి హేమలేఖను అడిగాడు. హేమలేఖ శరభాంకుడికి అక్క. తల్లి పోయాక తమ్ముడికి గోరుముద్దలు తినిపించి పెంచిన అక్క. ఆమె సింహాసనం మీద నుంచి కదలకుండానే, "మా ఇంట్లో మోకాలు దేవుడి ముందు తప్ప వంగదు, పోయి రా" అంది. "వంగని మోకాలు రాయి అగుగాక!" అని శపించి వాడు మాయమయ్యాడు. ఆనాటి నుంచి ఆమె పాదాల మొదలు పైకి రాయైపోతూ ఉంది. ఆ రాయి పెదవులను తాకేలోగా వెండిములక పండు ఆమె నాలుక మీద పిండాలి. లోకంలో దానికి వేరే మందు లేదు.

"నాయనా, ఎడారీ పచ్చికబయలూ కలిసేచోట పుట్టే మొక్క అది," అని ఆస్థాన వైద్యుడు గుర్తులు చెప్పాడు. "వంకాయా, వాకుడూ, ఉమ్మెత్తా దాని చుట్టాలు. ఆకు సన్నగా పొడుగ్గా, అంచు అలలు అలలుగా ఉంటుంది. ఆకు నిండా వెండిరంగు నూగు. కాడకు ఎర్రటి సన్నముళ్లు. పువ్వు ఊదారంగు, అయిదు మూలల చుక్క. దాని నడుమ పసుపుపచ్చని కేసరాలు పిట్ట ముక్కులా పొడుచుకొస్తాయి. కాయ మీద పచ్చని చారలు, పండితే పసుపు. చుట్టాల్లో మంచివాళ్లు ఉంటారు, కొంపముంచేవాళ్లూ ఉంటారు. పొరపాటున ఉమ్మెత్త పిండావో, అక్కయ్యగారిని నువ్వే చంపినవాడివి అవుతావు."

హేమలేఖ తన కెంపు ఉంగరం తీసి తమ్ముడి వేలికి తొడిగింది. ఆమె ఒంటిలో ప్రాణం తగ్గేకొద్దీ ఆ కెంపులో ఎరుపు తగ్గుతుంది.

అలా ఉప్పు అమ్మేవాడి వేషంలో, ఒంటె మీద రెండు ఉప్పు బస్తాలతో, వాటి చాటున దాచిన డాలుతో శరభాంకుడు మరుకాంతారం చేరాడు. ఏమని చెప్పాలి ఆ సీమ చోద్యం! పడమట కనుచూపు మేరా బంగారు పొడి రాశులు పోసినట్టు ఇసుకతిన్నెలు, తూర్పున గాలికి ఒకేసారి తల ఊపే మోకాలెత్తు పచ్చిక. ఆ రెండింటికీ నడుమ ఎవరిదో తేలని పొలిమేర. అక్కడ గడ్డి ఇసుకను కప్పబోతుంది, ఇసుక గడ్డిని మింగబోతుంది. ఆ పొలిమేరలోనే ధూమకేశుడి నల్లరాతి కోట. కోటకు కూతవేటు దూరంలో బాటసారుల సత్రం.

సత్రంలో సజ్జరొట్టె పెట్టారు, పప్పు పోశారు. ఊరంతా మేకలే, ఏ గుడిసె ముందు చూసినా పాలకుండలే. శరభాంకుడు తృప్తిగా తిని, చివరి ముద్దకు విస్తరి సర్దుకుని, "అన్నా, ఇంత మజ్జిగ పొయ్యి" అన్నాడు.

వడ్డించేవాడి చేతిలో గరిటె అలాగే నిలిచిపోయింది.

"ఏమంటివి సామీ?"

"మజ్జిగ. లేకపోతే గడ్డపెరుగైనా సరే, నాకేం అభ్యంతరం లేదు."

"అయ్యో, చంపితివి గదయ్యా!" అని వాడు గరిటె పారేసి గోడ దూకాడు. మూల కూర్చున్న నలుగురు కోట భటులు ఈటెలు పట్టుకుని లేచారు. వాళ్లలో ఒకడు, "ఈ సీమలో ఆ మాట నోట పలికేవాడు పరదేశి. వేషగాడు. పట్టండి!" అని అరిచాడు.

శరభాంకుడు ఎంగిలిచేత్తోనే పక్కనున్న రోకలి అందుకున్నాడు. మొదటివాడి ఈటె విరిగింది, రెండోవాడి మోకాలు విరిగింది, మూడోవాడు తనంతట తానే పప్పుకుండలో కూర్చున్నాడు. నాలుగోవాడు కొమ్ము ఊదబోతుండగా ఎక్కడి నుంచో ఒక మేక వచ్చి వాడి నడుం మీద కుమ్మింది. దాని వెనకే, పలుపుతాడు చేతికి చుట్టుకుని ఒక పడుచు పరుగెత్తుకొచ్చింది.

"ఓ ఉప్పయ్యా! నిలబడి మీసం దువ్వుకుంటా ఉండావేంది? కోటోళ్లంతా వస్తారు, దొడ్డిదోవన రా!"

క్షణంలో ఇద్దరూ ఒంటె మీద ఉన్నారు. మేక ఆమె ఒడిలో ఉంది. గోడల మధ్య నుంచి, పాకల మీద నుంచి రివ్వున వచ్చిన బాణాలలో ఒకటి ఉప్పు బస్తాను చీల్చింది. ఉప్పు ధారగా కారి వెనక తరిమే గుర్రాల కళ్లలో పడింది. ఒంటె పచ్చికలో దూరి కనుమరుగైంది.

ఆ పడుచు పేరు కురంగి. మేకలు కాచుకునే పిల్ల. ఊపిరి సర్దుకున్నాక శరభాంకుడు మొదట అడిగిన మాట, "ఇంతకీ మజ్జిగ అడిగితే చంపడమేమిటి? ఇదెక్కడి చోద్యం?"

"శాసనం," అంది కురంగి. "ధూమకేశుడు ఈ సీమకు వచ్చినప్పటి నుంచి ఉంది. పిండిన పాలు పిండినట్టే తాగాల. మిగిలినయి ఇసకలో పొయ్యాల. తోడు పెట్టినోళ్లకు చేతులు నరుకుతాడు." ఆమె గొంతు గట్టిపడింది. "నేను చంటిదాన్నిగా ఉన్నప్పుడు మాయమ్మ దాచిపెట్టి ఒక్క ముంత తోడేసింది. ఇప్పుడు మాయమ్మకు నేనే తినిపిస్తా ఉండా. అందుకే, నువ్వు ఆ మాట అంతమంది ముందర అనేసరికి నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నీ ఎంట వచ్చేసినా."

శరభాంకుడికి ఒళ్లు మండింది. తాను ఎవరో, ఎందుకొచ్చాడో దాచకుండా చెప్పేశాడు. కురంగి అతన్ని పైనుంచి కిందికి చూసి, "రాజుబిడ్డవా? రోకలి తిప్పడం చూసి దంపుళ్లవాడివి అనుకున్నా" అంది. ఆపైన వేలు చాపి, "నువ్వు చెప్పే ఎండి చెట్లు అదిగో, ఆ మిట్ట మీద ఉండాయి. కోటోళ్లు కాపలా కాస్తారు. మమ్మల్ని చెంతకు రానియ్యరు" అని చూపించింది.

మిట్ట మీద ఏడు పొదలు వలయంగా నిలిచి ఉన్నాయి. నడి ఎండలో అవి మెరిసే మెరుపుకు కళ్లు చెదిరాయి. అప్పుడే సానపట్టిన వెండి రేకుల్లాంటి ఆకులు, ఎర్రని ముళ్లు, ఊదారంగు చుక్కపూలు, పసుపు కేసరాలు, గుత్తులుగా పసుపు పండ్లు. వైద్యుడు చెప్పిన గుర్తు ఒక్కటీ తప్పలేదు. ఏడింటికీ ఒక్క తేడా లేదు.

డాలు వీపుకు తగిలించుకుని అతను, వెనకే మేకతో కురంగి మిట్ట ఎక్కారో లేదో నేల నుంచి పొగ లేచింది. పొగలో మొదట జుట్టు, తరువాత కళ్లు, ఆ తరువాత వెటకారపు నవ్వు ఏర్పడ్డాయి. చుట్టూ ఈటెలు చాచి భటులు నిలిచారు.

"రా, రాచబిడ్డా!" అన్నాడు ధూమకేశుడు. "దొంగతనంగా రానక్కరలేదు. ఈ ఏడింటిలో ఒకటే నిజమైన వెండిములక. మిగిలినవి నేను వెండి తొడుగు వేసిన ఉమ్మెత్తలు, విషపు ములకలు. ఒక్క పండు కోసుకో, తీసుకుపో. అది ఏదో తెలియకపోతే, మోకాలు వంచి నన్ను ప్రభువని పిలువు. నేనే చూపిస్తాను."

"చంపి పారేయకుండా ఈ బేరమెందుకురా నీకు?"

"చచ్చినవాడి తల దానంతటదే వాలుతుంది. దానివల్ల నాకేం లాభం? బతికినవాడు వంచిన తలతోనే నా మంత్రం బలుస్తుంది."

శరభాంకుడు పకపకా నవ్వాడు. "అయితే నీ మంత్రం పస్తుంటుందిరా, పొగమొహమా! మా అక్క రాయైపోతూ కూడా వంచని మోకాలు, నేను ఎండకు సొమ్మసిల్లి వంచుతాననుకున్నావా? గడువు చెప్పు."

మాంత్రికుడు ఒక ఈటెను నేలలో గుచ్చాడు. "దీని నీడ ఆ రాతిని తాకేదాకా." అని పక్కనున్న బండ మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

శరభాంకుడు పొదలన్నీ చుట్టి వచ్చాడు. ఆకు నలిపాడు, వాసన చూశాడు, పూరేకులు లెక్కపెట్టాడు. ఏడూ ఏడే. ఉంగరం చూసుకున్నాడు. కెంపులో సగానికి పైగా బూడిదరంగు తిరిగింది. అక్క ఇప్పుడు మెడదాకా రాయి. చేతులు పడిపోయి ఉంటాయి, కళ్లు మాత్రం వాకిలి వైపే ఉంటాయి. దాహానికి నీళ్లు తాగుదామంటే తిత్తి సత్రంలోనే ఉండిపోయింది. ఇప్పుడొక ముంతెడు మజ్జిగ ఉంటే!

ఆ తలపుతోనే అతను నిటారుగా లేచి నిలబడ్డాడు.

"కురంగీ! మీ పెద్దవాళ్లు పాలు ఎలా తోడేసేవాళ్లు? మేమైతే పాత పెరుగు చుక్క వేస్తాం. ఈ ఎండకు పాత పెరుగు నిలవదే?"

"తోడుకాయ ఏసేవోళ్లంట. అడవికాయ ఏదో. నలిపి పాలల్లో ఏస్తే పాట పాడేలోగా గడ్డకడతాదని మాయమ్మ చెప్తాది. పాట నాకొచ్చు, కాయే ఎరగను."

"ఎలా ఎరుగుతావు? వాడు ఎరగనిస్తేగా!" శరభాంకుడు గొంతు తగ్గించాడు. "మాంత్రికుడికి పెరుగుతో పగ ఏముంటుందా అని దారిపొడుగునా తల బద్దలు కొట్టుకున్నాను. పగ పెరుగుతో కాదు, దాన్ని తోడువేసే కాయతో. ఆ కాయే వెండిములక. వాడి శాపానికి విరుగుడు ఇక్కడ ఇంటింటా పాలకుండలో ఉండేది. అది జనానికి గుర్తుండకూడదనే మీ అమ్మ చేతులు నరికాడు. కంటిని మాయ చేయొచ్చు, పాలను చేయలేడు. మేకను పిండు!"

కురంగి కళ్లలో నిప్పురవ్వ కనిపించింది. శరభాంకుడు వీపు మీది డాలు తీసి ఇసుక మీద వెల్లకిలా పెట్టాడు. పైకి గుబ్బలుగా కనిపించే ఇత్తడి బొడిపెలు లోపలి నుంచి చూస్తే చిన్న చిన్న గిన్నెలే. కురంగి మేకను దగ్గరికి లాక్కుని ఒక్కొక్క గుంటలోకి పాలు పిండింది. మిగిలిన పాలు తన సొరబుర్రలోకి పిండుకుంది. ఇసుక పడకుండా, మిట్ట అంచున కాళ్లకు తగిలే మట్టిరంగు కంపను ఒక గుప్పెడు పీకి, "అబ్బా, ముల్లు!" అని వేలు చీకుతూ, దాన్ని నలిపి బుర్ర మూతిలో కుక్కింది. బుర్రను పక్కకు పడేసింది. అది వేడి ఇసుకలో దొర్లి అలాగే పడి ఉంది.

ధూమకేశుడు ఇదంతా చూస్తూనే ఉన్నాడు. ఆపలేదు సరికదా, బండ మీద వెనక్కి వాలి మరీ నవ్వాడు. "కానీ, కానీ! తోడు పెట్టు! చేతులు ఎలాగూ సాయంత్రానికి నరికిస్తాను."

"నరికిద్దువులే, ముందు పాట విను," అంది కురంగి. ఆ మాట అన్నందుకు భటులే అదిరిపడ్డారు. ఏడు పొదల పండ్లు ఏడు గుంటల్లో పిండి, ఆమె గొంతెత్తింది.

"తోడుకో పాలమ్మ తోడుకో,
కోడలొచ్చే వేళాయె తోడుకో,
గట్టు మీద పొద్దుంది తోడుకో,
గడ్డపెరుగై ముంతలో కూచో..."

ఎన్నో ఏళ్లుగా ఆ సీమలో ఎవరూ బయటికి పాడని పాట అది. భటులలో నెరిసిన మీసాల వాడొకడు తల పక్కకు తిప్పుకున్నాడు.

పాట అయిపోయింది. శరభాంకుడు మొదటి గుంట కదిపాడు, పాలు తొణికాయి. రెండోదీ తొణికింది. మూడోది నల్లబడి ఉంది. ఆఖరి గుంట దాకా ఒక్కటీ గడ్డకట్టలేదు. ఈటె నీడ రాతికి బెత్తెడు దూరంలో ఉంది. కెంపులో ఎరుపు కందిగింజంత మిగిలింది.

"అయ్యో పాపం!" అన్నాడు ధూమకేశుడు. "పాలూ పోయె, పరువూ పోయె. ఇక వంచు మోకాలు."

శరభాంకుడి కాళ్లలో సత్తువ లేదు. ఎండ, దాహం, అన్నిటికీ మించి ఓటమి. అయినా ఆ కాళ్ల మీదే నిలబడ్డాడు. పక్కనున్న భటుడి ఈటెను లాక్కుని ఊతగా పట్టుకుని, "నిలబడే చస్తాను. మా అక్కకు తోడు ఇంకో రాయి ఉంటుంది కొలువులో" అన్నాడు.

"దొరా," అంది కురంగి, కళ్లు తుడుచుకుంటూ. "చచ్చేముందు ఎండిన గొంతుతో చావొద్దు. ఇన్ని పాలు తాగు." సొరబుర్ర తెచ్చి, మూతిలో కుక్కిన కంప పీకి, అతని దోసిట్లో వంచింది.

పాలు రాలేదు.

ఆమె బుర్రను ఊపింది. లోపల ఏదో బరువుగా కదిలింది. మళ్లీ వంచింది. తప్పున ఒక తెల్లటి గడ్డ జారి అతని దోసిట్లో పడింది. పడి, ముక్కలు కాకుండా, మెత్తగా వణుకుతూ నిలిచింది.

శరభాంకుడే ముందు తేరుకుని గడ్డను ఒక చేతిలోకి మార్చుకున్నాడు. ఇసుకలో పడిన ఆ మట్టిరంగు కంపను తీసి, ఒక ఆకును బొటనవేలితో గట్టిగా తుడిచాడు. దుమ్ము పోయింది. దుమ్ము కింద వెండి! సన్నని పొడుగాటి ఆకు, అలల అంచు, కాడకు ఎర్రటి ముల్లు. వాడిన ఊదాపువ్వు ఒకటి, దాని నడుమ పిట్ట ముక్కు. కురంగి గుప్పిట్లో నలిగిన పసుపు పండ్ల తొక్కలు నాలుగు ఇంకా అంటుకునే ఉన్నాయి.

"ఓరి దొంగా!" అని అతను నవ్వు మొదలుపెట్టాడు. దాహం, నీరసం ఏమయ్యాయో! "ఏడింటిలో ఒకటి నిజమని అదొక అబద్ధం కూడానా? ఎడారిలో పుట్టిన నూగాకు దుమ్ము పట్టకుండా తళతళలాడుతుందట్రా? అంతఃపురంలో దీపమా అది? ఇంత మాయ నేర్చినవాడివి, కాస్త దుమ్ము చల్లడం మరిచిపోయావే!"

ధూమకేశుడి నవ్వు చెదిరింది. "పీకించాను," అని గొణిగాడు, తనలో తాను అనుకున్నట్టు. "సీమంతా పీకించాను..."

"పీకితే పోయే మొక్కయితే నువ్వు ఇన్ని తంటాలు పడతావా? వేరు ముక్క మిగిలితే చాలు, మళ్లీ మొలిచింది. మొక్కను చంపలేక దాని పేరు చంపావు. చూడండయ్యా!" శరభాంకుడు ఈటెతో నేల చూపించాడు. భటులు కిందికి చూశారు. వాళ్ల కాళ్ల పక్కన, ఈటెల మొదళ్ల దగ్గర, గుర్రాల గిట్టల కింద, కోట గోడ పగుళ్లలో, ఇసుకా పచ్చికా కలిసే పొలిమేర పొడుగునా అదే మట్టిరంగు కంప. రోజూ తొక్కి నడిచే కంప.

"దాని చేతులు నరకండి!" మాంత్రికుడి కేకకు ఏడు మాయపొదల వెండి ఒక్కసారి రాలిపోయింది. కింద ఉమ్మెత్తలు, విషపు ములకలు నల్లగా బయటపడ్డాయి. "ఆ పిల్ల తోడు పెట్టింది! శాసనం! నరకండి!"

కురంగి పారిపోలేదు. బుర్రలో మిగిలిన పెరుగును అరచేతిలోకి వంచుకుని, అందరికీ కనిపించేలా ఆ చెయ్యి పైకెత్తింది. "ఇదిగో చెయ్యి," అంది. "మాయమ్మవి రెండూ తీసుకుంటిరి. ఇది తీసుకునే ముందు, దీంట్లో ఏముందో చూసి మరీ తీసుకోండి. మీ అమ్మలు మీకు పెట్టిందే ఇది."

ఎవరూ కదలలేదు. నెరిసిన మీసాల భటుడు ముందుకొచ్చాడు. కత్తి మీద చెయ్యి ఉంది. ఆమె అరచేతి వైపు చూశాడు, ఆమె ముఖం వైపు చూశాడు. కత్తి మీద నుంచి చెయ్యి తీశాడు. ఆ చేతినే దోసిలిగా చేసి చాపాడు.

"తల్లీ, కాస్త నాకూ పెట్టు."

ఆ మాటకు ఈటెలు ఒక్కొక్కటే ఇసుకలో పడ్డాయి.

ధూమకేశుడు గాలి చీలిపోయేలా అరిచాడు. పొగ సుడి తిరిగి, సుడి రెక్కలు విప్పి, కోటంత రాబందై ఆకాశానికి లేచింది. "పండు దొరికితే సరా? నీకంటే ముందు నేనే చేరతాను శిఖరవాటి! రాయైన మెడ విరవడానికి నాకు ఒక్క తన్ను చాలు!" ఎడారి మీద దాని నీడ పరుచుకుని పడమటికి పరుగెత్తింది. వెనకే ఇసుక గోడలు గోడలుగా లేచింది.

శరభాంకుడు పండిన కొమ్మలు నాలుగు విరిచి తలపాగాలో దోపి, ఒంటె మీదికి ఎగిరాడు. కెంపులో ఎరుపు నువ్వుగింజంత ఉంది. కురంగి మేకను చంకన పెట్టుకుని, సొరబుర్రను రెండో చేత్తో గుండెకు అదుముకుని అతని వెనక ఎక్కింది.

"నువ్వెక్కడికే? అది మామూలు పక్షి కాదు!"

"నేనూ మామూలు దాన్ని కాదు. అదిలించు దొరా. కుదుపు మాత్రం తగ్గించు, పెరుగు ఒలికిపోతే ఊరుకోను. రాణెమ్మ లేచినాక ఇంత పెట్టాల."

ఒంటె ఇసుక గోడలోకి దూకింది. కళ్లు కనపడని ఆ హోరులో, నెత్తి మీద రాబందు రెక్కల చప్పుడు వినిపిస్తుండగా, వెనక మిట్ట మీద నుంచి ఒక ముసలి గొంతు పాట ఎత్తుకుంది. దానికి మరో గొంతు కలిసింది, ఆపైన ఎన్నో. పాలమ్మను తోడుకోమంటూ కోట భటులందరూ బాహాటంగా పాడుతున్నారు.